అవతలి నంబరు వచ్చేదాకా

పోయిన నెల ఒక పెళ్ళికని కాచిగూడ నుంచి బెంగుళూరుకు పగటి బండిలో వెళ్ళాం. పగటి బండే కావాలని పట్టుబట్టింది నేనే. కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో పులిహోర డబ్బా పెట్టుకుని, ఊళ్ళు లెక్కపెట్టుకుంటూ వెళ్ళడం నాకు చిన్నప్పటి సరదా. మహబూబ్‌నగర్ దాటి కొంతదూరం వెళ్ళాక ఒక చిన్న స్టేషన్ వస్తుంది. వస్తుంది అనడం అలవాటుకొద్దీ అంటున్నాను గానీ, ఇప్పుడది రావడం లేదు, పోతోంది. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలు కూడబలుక్కునేలోపే వెనక్కి వెళ్ళిపోయింది. మా ఆయన తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడి చూసి వచ్చి, "క్వార్టర్స్ ఇంకా ఉన్నయి, తలుపులు లేవు" అని చెప్పి కూర్చున్నారు. ఆ దారిలో ఒకప్పుడు తిరిగినవాళ్ళు ఎవరినడిగినా ఆ స్టేషన్ గుర్తుందంటారు. అక్కడ దిగే పని ఉండి కాదు. ఒంటి లైను రోజుల్లో క్రాసింగ్ పడితే ఎక్కువగా అక్కడే పడేది. ఎదురుబండి వచ్చి పక్కనుంచి వెళ్ళేదాకా మన బండి కదలదు. జనం దిగి చెట్ల కింద నిలబడేవాళ్ళు, సీతాఫలాలు బేరమాడేవాళ్ళు, తినేవాళ్ళు, గింజలు పట్టాల మీద ఊసేవాళ్ళు, చివరికి ఏమీ తోచక స్టేషన్ మాస్టర్‌ని తిట్టేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ తిట్లు తిన్నాయన మా మామగారు.

నేను తెనాలి పిల్లని. పెళ్ళయి ఆ స్టేషన్ క్వార్టర్స్‌కి కోడలిగా వెళ్ళినప్పుడు వాళ్ళ మాట నాకు సగమే తెలిసేది, నా మాట వాళ్ళకి సగమే తెలిసేది. నేను మాట మాటకీ 'అండీ' తగిలిస్తుంటే మామగారు నవ్వేవారు. "గీ అండి ఏంది బిడ్డా, నేనేమన్న పెద్దాఫీసర్నా?" అనేవారు. నేను "కాదండీ" అనేదాన్ని. ఆయన ఉద్యోగంలో చేరిన కాలానికి అది మీటర్ గేజ్, ఇరుకు పట్టాల మీద చిన్న బండి. తర్వాత పట్టాలు వెడల్పు చేసే పని మొదలైతే నెలల తరబడి కంకర బండ్లు తప్ప మనుషుల బండి లేదట. ఆ నెలల్లో కూడా ఈయన రోజూ తెల్లచొక్కా, తెల్లప్యాంటు ఇస్త్రీ చేయించుకుని డ్యూటీకి తయారయ్యేవారని మా అత్తగారు చెప్పి చెప్పి నవ్వేది. "బండ్లు లేవు గిండ్లు లేవు, గీ ఇస్త్రీ బట్టలు ఎవలకు సూపెట్టనీకె?" అని అడిగితే, "స్టేషన్ ఉన్నది గద" అనేవారట. వెడల్పు పట్టాలు వచ్చాయి. లైను మాత్రం ఒంటిదే. ఆ చివర హైదరాబాదు, ఈ చివర బెంగుళూరు రోజుకింత పెరిగిపోతుంటే మధ్యలో దారి ఒక్కటే, పెళ్ళివారి విడిదంతటికీ ఒకే స్నానాలగది ఉన్నట్టు. రెండో లైను వేస్తారని ఆయన సర్వీసంతా వింటూనే ఉన్నారు. తీరా పని మొదలయ్యేసరికి రిటైరైపోయారు.

అత్తగారు పోయిన తర్వాత ఆయన కొండాపూర్‌లో మా ఫ్లాట్‌కి వచ్చేశారు. తొమ్మిదో అంతస్తు. మొదటి వారమంతా లిఫ్టు దగ్గర నిలబడి, అది ఏ అంతస్తులో ఉందో చూపించే ఎర్ర అంకెలు చూస్తూ గడిపారు. "ఇది మంచిగున్నది, బండి యాడున్నదో తెలుస్తున్నది" అన్నారు. మనిషి నెమ్మదస్తుడు. తిండి దగ్గర పేచీ లేదు, నేను చేసే గోంగూర పచ్చడి కారమైనా కళ్ళు తుడుచుకుంటూ తినేవారు. ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. 'ఆఁ' అనే జవాబు ఆయనకు పడదు. "గ్యాస్ బంద్ జేసినవా?" అని అడుగుతారు. మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "ఆఁ" అంటారు. మామగారు లేచి, వంటింట్లోకి వెళ్ళి, చూసి వస్తారు. తలుపు గడియ, నీళ్ళ మోటారు, నా ఫోన్ ఛార్జింగు, అన్నిటికీ ఇదే తంతు. ఇన్నేళ్ళ సంసారంలో నేను గ్యాస్ ఆపకుండా వదిలేసింది లేదు. అయినా ఆయన లేచి వెళ్ళినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. నమ్మకం లేదా అని ఒకసారి అడిగేశాను కూడా. "నీ మీద నమ్మకం ఉన్నది బిడ్డా, ఆఁ మీదనే లేదు" అన్నారు. పెద్దాయన చాదస్తం అనుకుని ఊరుకున్నాను.

అప్పటికి నేను హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీముకు లీడ్‌ని. వయసు యాభై దాటింది. మా పరిశ్రమలో యాభై దాటిన మనిషి అంటే మ్యూజియంలో పెట్టాల్సిన వస్తువు. పిల్లలు నన్ను 'మేడమ్' అంటూనే కుర్చీ లాగి కూర్చోబెట్టేవాళ్ళు. అది గౌరవమో, పడిపోతానన్న భయమో తెలిసేది కాదు. ఆ సంవత్సరం మా టీముకు ఒక పని వచ్చింది. హైదరాబాద్–బెంగుళూరు దారిలో ముక్కలు ముక్కలుగా రెండో లైను పూర్తవుతోంది. పట్టాలు ఎండలో వేస్తారు. ఆ పట్టాల మీద బండ్లు వదిలే కొత్త పద్ధతిని స్టేషన్ మాస్టర్లకు నేర్పే కంప్యూటర్ ప్రోగ్రాం మాత్రం మా ఏసీ గదిలో తయారవ్వాలి. తెర మీద స్టేషన్ ఉంటుంది, సిగ్నళ్ళు ఉంటాయి, ఉత్తుత్తి బండ్లు వస్తుంటాయి. నేర్చుకునేవాళ్ళు వాటిని దాటించాలి. కొత్త స్టేషన్ల సిబ్బంది దాని మీద చెయ్యి తిప్పుకున్నాకే అసలు డ్యూటీకి కూర్చుంటారు. నా టీములో ఆరుగురు పిల్లలు. అందరూ విమానం ఎక్కినవాళ్ళే, ప్యాసింజర్ బండి ఎక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. ఉత్తుత్తి బండ్లకు పేర్లు కావాలంటే మధ్యాహ్నం తిన్నవాటి పేర్లు పెట్టుకున్నారు. బిర్యానీ ఎక్స్‌ప్రెస్, దోసె ప్యాసింజర్. అందరిలోకీ నోరున్న కాకినాడ అమ్మాయి ఒకతి ఉండేది, ఆమె తన బండికి కాజా మెయిల్ అని పేరు పెట్టి, అది ఎక్కడా ఆగదని చాటింపు వేసింది.

మొదటి పరీక్షకు రిటైరైన స్టేషన్ మాస్టర్లను నలుగురిని పిలిపించారు. పని ఇచ్చిన సంస్థ తరఫున ఒక ఆఫీసరు వచ్చి వెనక కూర్చున్నారు. ఆ నలుగురూ తెర మీద అడిగినవన్నీ చక్కగా చేశారు. పక్క స్టేషన్ నుంచి నంబరు వచ్చింది, కీబోర్డు మీద కొట్టారు. బండి వదిలే బటన్ ఆకుపచ్చగా వెలిగింది. అంతే, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయారు. బటన్ వెలుగుతూనే ఉంది. "ఏమైనా ఇబ్బందాండీ?" అని అడిగితే, "ఏం లేదమ్మా, చూస్తున్నాం" అన్నారు మర్యాదగా. ఏం చూస్తున్నారో మాకు తెలియలేదు. వాళ్ళకేమో అది చెప్పాల్సిన సంగతి అని తోచలేదు. తెర మీద ఆలస్యం ఎర్రగా పెరిగిపోయింది. మా పిల్లలు అక్కడికక్కడే తెలివిగా ఒక మందు వేశారు. నిమిషంలోపు ఎవరూ నొక్కకపోతే బండి దానంతటదే కదిలిపోయేలా మార్చారు. సరేనని ఒప్పుకున్నది నేనే. మధ్యాహ్నం బండ్లు వాటంతటవే కదులుతుంటే ఆ నలుగురు పెద్దలూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆఫీసరు సంతకం పెట్టలేదు. వచ్చే శుక్రవారం మళ్ళీ వస్తాననీ, అప్పుడు కూడా ఇలాగే ఉంటే పని వేరేవాళ్ళకు అప్పజెబుతామనీ చెప్పి వెళ్ళారు. పని పోతే ఆరుగురు పిల్లలూ బెంచి మీదికి పోతారు. బెంచి అంటే చేతిలో ప్రాజెక్టు లేకుండా కూర్చోవడం. పిల్లలకైతే అక్కడినుంచి ఇంకో ప్రాజెక్టుకు దారి ఉంటుంది. యాభై దాటిన నాకు అక్కడినుంచి ఇంటికే దారి.

ఆ శనివారం మామగారిని కళ్ళ పరీక్షకు తీసుకెళ్ళాలి. క్యాబ్ పిలిచాను. డ్రైవరు నడివయసు మనిషి, మెడలో తువ్వాలు. వెనక సీట్లో కూర్చున్నాక, "ఓటీపీ చెప్పుండ్రి" అన్నాడు. నా ఫోన్ మామగారి చేతిలో ఉంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర మీద నాలుగంకెలు చూశారు గానీ చెప్పలేదు. "ముందు నీ నంబర్ చెప్పు" అన్నారు.

"నా నంబరా? బండి ముంగటనే ఉన్నది గద సార్, ప్లేటు మీద."

"అది తొవ్వల పోయేటోళ్ళందరికి కనపడ్తది. నీకొక్కనికే తెల్సిన నంబర్ చెప్పాలె. నాది నేను చెప్త, నీది నువ్వు చెప్పాలె. గట్లయితెనే బండి కదలాలె."

వెనక ఆటోలు హారన్ కొడుతున్నాయి. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ తొంగి చూస్తున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. "మామయ్యగారూ, ఇక్కడ అలా ఉండదండీ, మనం చెబితే చాలు" అన్నాను. ఆయన వినలేదు. డ్రైవరు ఒక్క క్షణం అద్దంలో ఆయన్ని చూశాడు. అతనిదీ మామగారి స్టేషన్ వైపే, నారాయణపేట దిక్కు అని తర్వాత తెలిసింది. మాట తీరులో ఏం పోల్చుకున్నాడో, నవ్వి, "సరే పెద్దయ్యా, నలభై రెండు, రాస్కో" అన్నాడు. మామగారు జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "నలభై రెండు" అని పైకి అని, రాసుకుని, ఓటీపీ చెప్పారు. అతను కూడా తిరిగి పైకి చెప్పాడు. అప్పుడు ఆయన వెనక్కి వాలి, "ఇగ పోనీ" అన్నారు. బండి కదిలింది.

కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కేదాకా నేను కోపంగానే ఉన్నాను. ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ ఆగింది. ఆగిన చోట నాకు బుర్ర వెలిగింది. ఆ నలుగురు పెద్దలు చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసింది దీనికోసమేనా అనిపించింది. "మామయ్యగారూ, స్టేషన్‌లో బండి వదిలేముందు మీరు సరిగ్గా ఏం చేసేవారండీ?" అని అడిగాను. ఇన్నేళ్ళుగా ఆయన కోడలినై ఉండి, రైళ్ళ మీద జీతం తీసుకుంటూ, ఆ ప్రశ్న ఆయన్ని ఒక్కసారీ అడగలేదు. సిగ్గుపడాల్సిన మాటే, రాస్తున్నాను.

ఆయన నా వైపు తిరిగి కూర్చున్నారు. పక్క స్టేషన్‌తో ఫోన్‌లో మాట్లాడతారట. ప్రతి మాస్టరు దగ్గరా ఒక కాగితం ఉంటుంది, దాని మీద వరస లేని అంకెలు. పక్కవాడి కాగితం మీద ఏమున్నాయో ఇతనికి తెలియదు. "బండి పంపాల్నా?" అని ఇతను అడిగి తన నంబరు చెప్పాలి. అవతలివాడు "పంపు" అని తన నంబరు చెప్పాలి. ఎవరి నంబరు వాళ్ళు కాగితం మీద కొట్టేయాలి, ఎదుటివాడిది తిరిగి పైకి చెప్పి పుస్తకంలో రాసుకోవాలి. దానికే ప్రైవేట్ నంబరని పేరు. ఒకసారి చెప్పిన నంబరు మళ్ళీ పనికిరాదు.

"నోటితోటి పంపు అంటే సాలదాండీ?"

"సాలదు. నిద్రల ఉన్నోడు గూడ ఆఁ అంటడు బిడ్డా. నంబర్ చెప్పనీకె కండ్లు తెరవాలె, కాయితం తియ్యాలె, కలం పట్టాలె. అవతల మనిషి మేల్కొని ఉన్నడని గా నంబరే నాకు సాక్ష్యం."

మా పిల్లలు నిబంధనల పుస్తకంలో 'నంబర్లు ఇచ్చిపుచ్చుకోవాలి' అని చదివారు. చదివి, వాళ్ళకు తెలిసిన ఓటీపీని కట్టారు. ఒకవైపు నుంచి నంబరు వస్తుంది, ఇటువైపు మనిషి దాన్ని కొడతాడు, పని అయిపోయింది. పొద్దున పాల దగ్గర్నుంచి సాయంత్రం క్యాబ్ దాకా అలాగే జరిగే ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు ఇంకోలా ఎలా తోస్తుంది? స్టేషన్ మాస్టర్లు తమ నంబరు అడిగేవాడి కోసం, అడిగి తిరిగి చెప్పేవాడి కోసం కూర్చున్నారు. మేం వాళ్ళని నిదానం మనుషులనుకున్నాం. ఆస్పత్రిలో మామగారి కళ్ళల్లో చుక్కలు వేసి కూర్చోబెట్టినంతసేపూ నేను వసారాలో నిలబడి ఆరుగురికీ ఫోన్లు చేశాను. ఆదివారం మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. భోజనం అంటే ఎందుకు అని అడగనివాళ్ళు లోకంలో ఎవరైనా ఉంటే అది ఇంటికి దూరంగా ఉద్యోగం చేసుకునే పిల్లలే.

ఆదివారం మా వంటిల్లు ఒక స్టేషన్ అయింది, బాల్కనీ ఇంకో స్టేషన్. మధ్యలో హాలంతా ఒంటి లైను. మామగారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని సోఫాలో కూర్చున్నారు. పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చి, వరస లేకుండా అంకెలు రాసుకోమన్నారు. నేను పప్పుచారు మరిగిస్తూనే వంటింటి స్టేషన్ మాస్టర్‌గా పనిచేశాను. బండి అంటే మా ఆయన. నంబర్లు కుదిరినప్పుడల్లా హాల్లో అటూ ఇటూ నడవాలి. నాలుగు ట్రిప్పులయ్యాక కాళ్ళు నొప్పులని గొణిగారు గానీ, మానలేదు. మొదటి గంటలో పిల్లలు ఎన్ని తప్పులు చేశారో చెప్పలేను. నంబరు చెప్పి కొట్టేయడం మరిచిపోతారు, కొట్టేసినదే మళ్ళీ చెబుతారు. "మళ్ళా అదే నంబరా? అంటే నువ్వు కాయితం సూస్తలేవు, నోటికొచ్చింది చెప్తున్నవు" అని ఆయన పట్టేసేవారు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

కాకినాడ అమ్మాయి మాత్రం చేతిలో కాగితం పక్కన పెట్టి వాదనకు దిగింది. "తాతగారండీ, నాదొక డౌటండీ. అవతలివాళ్ళు నంబరు ఇవ్వలేదనుకోండి, అప్పుడేం చేస్తారండీ?"

"మళ్ళా ఫోన్ జేస్త."

"ఎత్తలేదనుకోండి?"

"ఆగుత."

"ఎంతసేపండీ? ఓ లిమిట్ ఉంటుంది కదండీ?"

"ఇచ్చేదాక."

"అలా ఆగితే మన ప్రోగ్రాంలో ఆలస్యం ఎర్రగా చూపిస్తుందండీ. ఆఫీసరుగారు అదే కదా చూసేది!" అంది ఆ పిల్ల, ఏడుపు మొహంతో. నాకూ లోపల అదే భయం. మామగారు ఆలోచించి, "ఎర్రగ సూపెట్టనీ తల్లీ. ఎరుపు అంటె ఆగుడే గద" అన్నారు. ఆ సాయంత్రం ప్రోగ్రాంను రెండు వైపులా నంబరు చెప్పుకునేలా మార్చాం, నిమిషానికి తనంతట కదిలే ఏర్పాటు తీసేశాం. తీసేయమని నేనే చెప్పాను. చెప్పి, ఆ వారమంతా నిద్ర సరిగ్గా పోలేదు.

శుక్రవారం నాడు నలుగురు పెద్దల్లో ఒకాయనకు జ్వరమని కబురొచ్చింది. ఆయన బదులు మామగారిని కూర్చోబెట్టవచ్చా అని అడిగితే, ఆ సెక్షన్‌లో పనిచేసిన మనిషే కదా అని ఆఫీసరు ఒప్పుకున్నారు. నా కోడలి హోదా సంగతి ఆయనకు ముందే చెప్పేశాను. మామగారిది ఒక గది, ఇంకో స్టేషన్ మాస్టర్‌ది నడవా చివర గది. మధ్యలో ఫోను. మొదటి రెండు బండ్లు ముచ్చటగా నడిచాయి. ఇటు నంబరు, అటు నంబరు, పైకి చెప్పడాలు, పుస్తకంలో రాతలు. నా వెనక నిలబడ్డ కాకినాడ అమ్మాయి ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. మూడో బండి కాజా మెయిల్. మామగారు కలం చేత పట్టుకుని ఫోను చేశారు. అవతల జవాబు లేదు.

మళ్ళీ చేశారు. లేదు. తెర మీద ఆలస్యం నిమిషాలు చూపే ఎర్రంకె ఒకటి నుంచి రెండుకు మారింది. మా ఆఫీసు తలుపులు బయటినుంచి కార్డు గీస్తేగాని తెరుచుకోవు. అవతలి పెద్దాయన రెండో బండి దాటించి, బాత్రూముకని బయటికి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు తలుపు తీయడానికి కార్డు అక్కర్లేదు. తిరిగి రావడానికి కావాలి. ఆయన అద్దం తలుపుకు అవతల నిలబడి రెండు చేతులూ ఊపుతున్నారు. అటువైపు మనవాళ్ళెవరూ లేరు, అందరం ఈ గదిలోనే గుమిగూడి ఉన్నాం. ఈ సంగతంతా తర్వాత తెలిసింది. అప్పుడు మాకు తెలిసిందల్లా ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు, ఎర్రంకె మూడైంది.

నాలుగైంది. ఆఫీసరు గడియారం చూసుకున్నారు. మా మేనేజరు ముందుకు వంగి, నవ్వు మొహంతో, "సార్, ఒక్కసారి బటన్ నొక్కేయండి. మనం చూపిస్తున్నది డెమో మాత్రమే కదా, నిజం బండి కాదు" అన్నాడు. అవతలి నంబరు లేకుండానే బండి వదిలే పాత బటన్ ఒకటి అత్యవసరానికని తెర మూలన ఉంచాం. దాన్ని నొక్కితే బండి వెళ్ళిపోతుంది, ఎర్రంకె పోతుంది. మామగారు అతని వైపు చూసి, "బండి ఉత్తదే సారూ. నేను ఉత్తోణ్ణి గాదు గద" అన్నారు. అని మళ్ళీ ఫోను తిప్పారు.

ఐదైంది. ఇక నా సంగతి చెప్పాలి. వారం రోజులు ఆయన దగ్గర కూర్చుని నేర్చుకుని, ఆరుగురు పిల్లలకూ నేర్పించి, ఆ నంబరు ఎందుకో అందరికంటే బాగా తెలిసిన మనిషిని నేను. ఆ పిల్లల మొహాలు చూశాను. కాకినాడ అమ్మాయి ఇంట్లో ఆమె జీతమే ఆధారమని నాకు తెలుసు. నా ఇంటి లోను కూడా గుర్తొచ్చింది, ఎందుకు దాచాలి? మామగారి కుర్చీ దగ్గర వంగి, ఆయనకొక్కరికే వినిపించేటట్టు, "మామయ్యగారూ, నొక్కేయండి. ప్లీజ్ అండీ. మా అందరి ఉద్యోగాలూ ఉన్నాయి" అన్నాను.

ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకునే నన్ను చూశారు. కోపం లేదు. పనిలో ఉన్న మనిషిని ఇంటివాళ్ళు పలకరిస్తే చూసే చూపు. "అవతలి నంబర్ రాలే బిడ్డా" అన్నారు. అంతే. చెయ్యి బటన్ వైపు కదల్లేదు. ఆరు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, భయానికో సిగ్గుకో ఇప్పటికీ చెప్పలేను. రెండూ అయి ఉంటాయి.

ఏడో నిమిషంలో ఎవరో కార్డు గీసి ఆ పెద్దాయన్ని లోపలికి వదిలారు. ఫోన్‌లో ఆయన ఆయాసం వినిపించింది. మామగారు ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. బండి పంపాలా అని అడిగి, తన నంబరు చెప్పారు. అవతలి నంబరు విన్నారు, పైకి చెప్పారు, రాసుకున్నారు, కాగితం మీద తనది కొట్టేశారు. అప్పుడు బటన్ నొక్కారు. కాజా మెయిల్ కదిలింది. ఆఫీసరు కుర్చీలోంచి లేచి వచ్చి తెర దగ్గర నిలబడ్డారు. "ఈ ఏడు నిమిషాలూ బండి ఎక్కడుంది?" అని అడిగారు. కాకినాడ అమ్మాయి, "స్టేషన్‌లోనే ఉందండి" అంది.

"అవతల మనిషి లేడు. ఇవతల బండి కదల్లేదు. పోయినసారి దానంతటదే పోయింది కదా?"

"అది తీసేశామండి. తాతగారు చెప్పాకేనండి."

ఆయన ఒకసారి మామగారిని చూశారు. పొగడలేదు, చెయ్యి కలపలేదు. కూర్చుని అర పేజీ రాసి, అడుగున సంతకం పెట్టి, టీ ఉందా అని అడిగారు. పిల్లలు ఆరుగురూ టీ తేవడానికి ఒక్కసారే పరిగెత్తారు.

ఇంటికి క్యాబ్‌లో బయల్దేరాం. కొత్తగూడ దగ్గర మెల్లగా, "మిమ్మల్ని అలా అడగకూడదండీ, తప్పయింది" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "అడుగుతరు బిడ్డా. మీ అత్త గూడ అడిగింది ఒకపారి" అన్నారు. మా ఆయన పుట్టినప్పటి మాటట. అత్తయ్యకు నొప్పులొస్తే పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. ఆగి ఉన్న బండిలో ఆమెను ఎక్కించారు. అవతలి స్టేషన్ నుంచి నంబరు రాదు. ఆమె కిటికీలోంచి ఈయన్ని పిలుస్తూనే ఉంది, బండి వదలమని. "ఏం చేశారండీ?" అన్నాను. "ఆగిన. నంబర్ వచ్చినంక పంపిన. నన్ను అడగకనే ఇడిసిండ్రట, ఎదురుంగ బండి వస్తుండె, నాకు దెల్వది" అన్నారు. తర్వాత చాలాకాలం ఆమె తనతో సరిగ్గా మాట్లాడలేదనీ, ఒకరోజు ఆమే వచ్చి ఇస్త్రీ చొక్కా చేతికిచ్చిందనీ చెప్పి, ఇల్లు వచ్చిందన్నారు. దిగి లిఫ్టులో పైకి వెళ్తుంటే ఆయన భుజాన ఉన్న సంచీ తీసుకున్నాను. వద్దనలేదు.

ఆయన పోయి రెండేళ్ళయింది, నిద్రలో, ఏ బాధా లేకుండా. రెండో లైను చివరి ముక్క కలవడం ఆయన చూడలేదు. చూసి ఉంటే సంతోషించేవారే, ఎందుకంటే ప్రయాణికులు తిట్టుకోవడం ఆయనకు ఎప్పుడూ ఇష్టం లేదు. నాకు ఆ ఉద్యోగంలో ఇంకా నాలుగేళ్ళు గడిచాయి, మర్యాదగానే రిటైరయ్యాను. ఆ నాలుగేళ్ళలో ఎన్ని గంటలు ఆదా చేశానో నా పనితీరు కాగితాల్లో అంకెలతో సహా రాసి ఉంటుంది. వాటిలో ఒక్క గంటా నాకిప్పుడు గుర్తు లేదు. కాలం నాకు మిగిల్చింది, ఒక ముసలాయన ఇంటిల్లిపాది బతుకుతెరువునూ పక్కన పెట్టి, చెవి దగ్గర ఫోను పెట్టుకుని నిశ్చింతగా ఖర్చుపెట్టేసిన ఆ ఏడు నిమిషాలే.